ఒకే చేతి పని

సిద్దిరాములుది ముక్కుమీద కోపం అని కొత్తవాడలో అనుకుంటారు. అంత చిన్న కోపమైతే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు. ముక్కుమీద కోపం పొద్దున వచ్చి సాయంత్రం చాయ్ తాగేలోపు దిగిపోతుంది. ఈయనది కడుపులో కాపురం పెట్టిన కోపం. దానికొక పేరుంది, కుమారస్వామి. సిద్దిరాములు భార్య ఇందిరమ్మకు సొంత తమ్ముడు.

ఈ బావా బామ్మర్దులు ఒకప్పుడు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసేవాళ్లు. పెళ్లి పందిట్లో పరిచేంత పెద్ద జంపఖానా ఒక మనిషి చేతికి అందదు. సగం వెడల్పు ఒకడిది, సగం వెడల్పు ఇంకొకడిది. అడ్డంగా పేక దారం వేయడం, పంజా అనే ఇనప దువ్వెనతో దాన్ని దిగ్గొట్టడం, మళ్లీ వేయడం, మళ్లీ కొట్టడం. ఇద్దరి దెబ్బా సమానంగా పడాలి. ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా కొడితే నేత ఒక పక్కకు గుంజుకుపోతుంది, నేలమీద పరిచిన రోజు ఆ వంకర ఊరంతా చూస్తుంది. వీళ్లు నేసిన జంపఖానా ఏనాడూ వంకరపోలేదు. వంకరపోయింది మనుషులే.

పోయిన తీరు చెబితే నవ్వొస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక షావుకారు మగ్గం దగ్గర నిలబడి, "మీ ఇద్దర్లో అసలు పనోడెవరు?" అని సరదాకు అడిగాడు. సిద్దిరాములు మీసం సవరించుకుని, "నేనే సేఠ్. వీడు నా చెయ్యి కింద పనిచేసేటోడు" అన్నాడు. కుమారస్వామి పంజా కింద పెట్టాడు. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది. సగం నేసిన పడుగును వదిలి లేవడమంటే నేతపని చేసేవాళ్లలో కంచం ముందు నుంచి లేచిపోయినంత అవమానం. సిద్దిరాములు కొన్నాళ్లు చూశాడు. వాడు రాలేదు. ఒకరోజు కత్తి తెచ్చి పడుగు మొత్తం కోసి పారేశాడు.

ఇది జరిగి ఏళ్లు దాటాయి. కుమారస్వామి పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు. సిద్దిరాములు ఒక్కడే నేయగల, కింద వేసుకుని కూర్చునే చిన్న చిన్న ఆసనాలు నేసుకుంటూ ఉండిపోయాడు. ఇళ్ల మధ్య రెండు గల్లీలే దూరం. అయినా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాడు చాయ్ తాగే హోటల్లో వీడు తాగడు, వీడు గడ్డం గీయించుకునే దుకాణానికి వాడు పోడు. ఇందిరమ్మ మాత్రం రాఖీ పండుగనాడు తమ్ముడింటికి పోయి కట్టి వస్తుంది. ఆ పూట సిద్దిరాములు ఇంట్లో అన్నం ముట్టడు.

ఇట్లా ఉండగా షారోన్ అనే అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. హన్మకొండలో ఒక మ్యూజియం తన దగ్గరున్న వస్తువులన్నిటికీ కేటలాగు అచ్చువేస్తోంది. వస్తువు ఫొటో, అది ఎక్కడిది, ఎవరు చేశారు, ఎట్లా చేశారు, అన్నీ ఒక్కో పేజీలో. ఆ పేజీల కోసం వివరాలు సేకరించడం షారోన్ పని. వర్ధన్నపేట పక్కన ఒక దొర ఇంటివాళ్లు పాత సామానుతో పాటు పెద్ద జంపఖానా ఒకటి మ్యూజియానికి ఇచ్చారు. కొత్తవాడలో నేసిందని వాళ్లకు తెలుసు, ఎవరు నేశారో తెలియదు. ఆ అమ్మాయి ఫోనులో ఫొటో తీసి చూపించింది.

సిద్దిరాములు కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. ఎర్ర చారలు, నీలం చారలు, అంచు పొడుగునా తెల్ల పూలు. దొరబిడ్డ పెళ్లికి నేసింది. ఎక్కడ చూసినా గుర్తుపట్టేవాడే.

"ఇది మీరే నేసిండ్రా అంకుల్?" అని షారోన్ అడిగింది.

"నేను గాక ఇంకెవడు?" అన్నాడు.

అబద్ధం చెప్పాలని ఆయన అనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చింది. ఇన్నేళ్లుగా మనసులో అట్లాగే చెప్పుకుంటూ ఉన్నాడు కాబట్టి అట్లాగే వచ్చింది. వంటింట్లో ఇందిరమ్మ చేతిలో గిన్నె ఠంగుమని కింద పడింది. షారోన్ అటు చూసింది. సిద్దిరాములు చూడలేదు.

కొన్ని రోజులకు ఆ పేజీ నకలు ఇంటికి వచ్చింది, తప్పులుంటే చెప్పమని. పైన జంపఖానా రంగుల ఫొటో. దాని కింద 'నేసినవారు: సిద్దిరాములు, కొత్తవాడ' అని ఉంది. ఇంకా కింద, కేటలాగు సంపాదకుడు రాజమౌళి రాసిన నాలుగు వాక్యాలు. 'మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా నేతలో ఎక్కడా హెచ్చుతగ్గులు లేవు. ఇది ఒకే చేతి పని' అన్నది అందులో చివరి వాక్యం. సిద్దిరాములు ఆ వాక్యాన్ని పైకి చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన తన పేరు రేషన్ కార్డు మీద, ఓటరు లిస్టులో తప్ప ఎక్కడా అచ్చులో చూసుకున్న మనిషి కాదు.

"మా తమ్ముని పేరేది?" అంది ఇందిరమ్మ.

"నీ తమ్ముడు మధ్యల లేసిపోయినోడు."

"గది వేరే జంపఖానా. దొరోళ్లది ఇద్దరు కూసొని నేసిండ్రు. నేను దారం కండెలు సుట్టలేదా? నా కండ్లతోని సూడలేదా?"

"నువ్వు కండెలు సుట్టినవ్ గాబట్టి నీ పేరు గూడ ఎయ్యమనాల్నా ఏంది?"

"నాకొద్దు. నాకు నా ఇంటి పేరు సాలు," అంది ఇందిరమ్మ. "వానిది వానికియ్యి. మందిది మింగితే అరగదు నీకు."

అరగకపోతే ఇంట్లో దాచుకుని కూర్చోవచ్చు కదా! సిద్దిరాములు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సరాసరి హోటలుకు పోయాడు. అదీ ఎప్పుడూ తాగే హోటలుకు కాదు, కుమారస్వామి చాయ్ తాగే హోటలుకు. టేబుల్ మీద పరిచి, ఎవరూ అడగకపోయినా ఆ చివరి వాక్యం చదివి వినిపించాడు. ఈ మనిషి నోటికి తాళం లేదని ఆయన తల్లి బతికున్నప్పుడే అనేది.

మర్నాడు మధ్యాహ్నం షారోన్ ఫోను చేసింది. గొంతులో మర్యాద ఉంది కానీ నవ్వు లేదు. "అంకుల్, మీరొకసారి మ్యూజియంకు రావాలె. కుమారస్వామి అంకుల్ వచ్చి కూసున్నరు. పేజీలు రేపు ప్రెస్సుకు పోతున్నయ్."

సిద్దిరాములు తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. యుద్ధానికి పోయేవాడు కూడా అంత శ్రద్ధగా బొత్తాలు పెట్టుకోడు. ఇందిరమ్మ ఆటోలో ఆయన పక్కన కూర్చుంది, రమ్మని ఎవరూ పిలవకపోయినా.

మ్యూజియం వెనక గదిలో జంపఖానా నేలమీద పరిచి ఉంది. ఒక మూల కుర్చీలో రాజమౌళి, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన పక్కన కాగితాలు పట్టుకుని షారోన్. గోడకు ఆనుకుని కుమారస్వామి. జుట్టు నెరిసింది, నడుం వంగింది. సిద్దిరాములు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చేతులు జోడించాడు.

"నమస్తే సిద్దిరాములు గారు."

గదిలో ఉన్న చదువుకున్నవాళ్లకు అది మర్యాదలాగే వినిపించింది. సిద్దిరాములుకు మాత్రం చెంప మీద కొట్టినట్టైంది. బామ్మర్ది నోట్లోంచి 'బావ' పోయి 'గారు' వచ్చిందంటే తిట్టడానికి ఇంకేం మిగలదు.

రాజమౌళి గొంతు సవరించుకున్నాడు. "చూడండి, మాకు ఎవరి మీదా పక్షపాతం లేదు. నేను స్కేలు పెట్టి కొలిచాను. రెండు అంచులూ సమానంగా వచ్చాయి. ఇద్దరు నేస్తే ఎక్కడో ఒకచోట తేడా వచ్చి తీరాలి. అందుకే ఒకే చేతి పని అని రాశాను. ఇప్పుడు ఈయన వచ్చి సగం తనదంటున్నారు."

"సగం గాదు సార్," అన్నాడు కుమారస్వామి. "సగం నాది అని నేను ఎప్పుడన్నా? ఇద్దరం నేసినం అన్న. రెండు మాటలు ఒక్కటి గావు."

"ఇద్దరం అంట!" సిద్దిరాములు నవ్వాడు. నవ్వు బాగాలేదు. "సార్, వీడు నా పక్కన కూసున్న మాట నిజమే. కూసున్నోడల్లా నేసినట్టేనా? వీని పనితనం ఎంతనో నేను సూపెడ్త. తేడా లేదన్నరు గదా, నేను సూపెడ్త తేడా."

ఆ తేడా ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు. ఈ జంపఖానా సగం దాటిన రోజుల్లో ఆయన తల్లి పోయింది. దొరబిడ్డ పెళ్లి ముంచుకొస్తోంది. మూడోనాడు తల్లి పేరిట పిట్టకు ముద్ద పెట్టి, మర్నాడు పొద్దున్నే వచ్చి మగ్గం మీద కూర్చున్నాడు. ఆ రోజు పక్కన బామ్మర్ది పంజా దెబ్బ మెల్లగా పడుతుంటే ఆయనకు ఒళ్లు మండింది. "సచ్చింది మా అవ్వనా, మీ అవ్వనా? నీ చేతులకేమైందిరా?" అని వాడకట్టంతా వినేటట్టు అరిచాడు. కుమారస్వామి తల వంచుకుని అట్లాగే మెల్లగా కొడుతూ పోయాడు. వాడి పనిదొంగతనానికి అదే సాక్ష్యమని సిద్దిరాములు అప్పటినుంచి పదిలంగా దాచుకున్నాడు. ఇవాళ బయటకు తీసే రోజు వచ్చింది.

మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో నేతను నొక్కుకుంటూ పోయాడు. గట్టిగా ఉంది. గట్టిగా ఉంది. నీలం చారలు రెండు దాటాక వేలు కొంచెం లోపలికి దిగింది.

"ఇగో! రాండ్రి సార్, ఇక్కడ నొక్కి సూడండ్రి. దారం దిగలే, వదులున్నది. ఇది వీని పక్క. మా అవ్వ సచ్చి నేను దుఃఖంల ఉంటే, వీడు సందు జూసి పని దొంగతనం చేసిండు."

రాజమౌళి వంగి నొక్కాడు. అవునన్నట్టు తలూపి, ఒక సందేహం వెలిబుచ్చాడు. "కానీ జంపఖానా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కదా. తిరగేస్తే కుడి ఎడమవుతుంది. ఇది ఆయన పక్కే అని ఎట్లా అంటారు?"

"నా పక్కే సార్," అన్నాడు కుమారస్వామి గోడ దగ్గర నుంచే. "ఆయన చెప్పేది నిజం. నేనే మెల్లగ కొట్టిన. ఇప్పుడు ఆ వేలు లేపకుండ అట్లనే ఇటు జరపమనుండ్రి. ఆయన పక్కకు."

"జరుపుత. నాకేం భయం?" సిద్దిరాములు వేలు నొక్కిపట్టి అదే వరుసలో అడ్డంగా జరిపాడు. నడుమ దాటింది. ఇక తన సగం. ఇక్కడ రాయిలా ఉండాలి. లేదు. వేలు దిగింది. ఇంకా జరిపాడు, అంచు దాకా జరిపాడు. ఆ వరుస మొత్తం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అంతే మెత్తగా ఉంది. వేలు అంచు మీద ఆగిపోయింది.

తల్లిని మట్టిలో పెట్టి వచ్చిన చేతుల్లో ఆ రోజు బలం లేదు. మెల్లగా పడింది తన దెబ్బ. తనకది తెలియలేదు, పక్కన కూర్చున్నవాడికి తెలిసింది. వాడు ఎప్పటిలా కొట్టి ఉంటే జంపఖానా వాడి వైపు గుంజుకుపోయేది. సిద్దిరాములు చెయ్యి పడిపోయిందని దొర ఇంటి పెళ్లిలో నలుగురూ నవ్వేవాళ్లు. వాడు తన దెబ్బను తగ్గించి బావ దెబ్బకు జత చేశాడు. అందుకు తిట్లు తిన్నాడు. తిని కూడా తగ్గించే కొట్టాడు.

సిద్దిరాములుకు సిగ్గేసింది. ఒళ్లంతా చెమట పట్టేంత సిగ్గు. అక్కడితో ఆగిపోతే ఆయన మంచివాడే అయ్యేవాడు. కానీ ఆ సిగ్గును నలుగురి ముందు, మోకాళ్ల మీద కూర్చోబెట్టి తినిపించాడే వీడు, అని వెనకనుంచి పాత కోపం లేచి వచ్చింది. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నాడా? లేచి నిలబడబోతే మోకాలు పట్టేసింది. ఇందిరమ్మ చెయ్యి అందించబోతే విదిలించుకున్నాడు.

"ఏమైంది అంకుల్?" అంది షారోన్. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

కుమారస్వామి మొదటిసారి గోడ వదిలి ముందుకు వచ్చాడు. "బిడ్డా, నా పేరు లేకున్నా నాకు ఫికర్ లేదు. అచ్చులో ఆయన పేరే ఉండనియ్యి. ఆయనను ఒక్క మాట అనమను. 'ఇద్దరం నేసినం' అని. నీ ముంగట, మా అక్క ముంగట ఒక్కసారి అంటే నేను ఇంటికి పోత."

అందరూ సిద్దిరాములు నోటికేసి చూశారు. ఇద్దరం. ఎంత మాట అది! నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు కుమారస్వామి ముఖం కనిపించింది. అందులో గెలుపు ఉందని సిద్దిరాములుకు తోచింది. నిజంగా ఉందో లేదో దేవుడికే తెలియాలి.

"వాని పేరే రాసుకో," అన్నాడు షారోన్‌తో. "నా పేరు కొట్టెయ్. అంతా వాడే నేసిండని రాసుకో. పండుగ జేసుకోమను."

కుమారస్వామి ముఖం నల్లబడింది. "నువ్వు పారేస్తే ఏరుకునేటోని లెక్క కనబడుతున్ననా? నువ్వు ఇడిసిపెట్టిన పేరు నాకెందుకు? నాది గూడ కొట్టెయ్ బిడ్డా."

"అంకుల్, ఇద్దరి పేర్లు పక్కపక్కన వేస్తం. ఇంకా మంచిగుంటది," అని షారోన్ బతిమాలింది.

"వాని పక్కన నా పేరా?" అన్నాడు సిద్దిరాములు.

"ఈయన పక్కన నేనా?" అన్నాడు కుమారస్వామి. రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి, మగ్గం మీద వాళ్ల పంజాలు పడినట్టు. ఇద్దరూ చెరో గుమ్మంలోంచి బయటకు పోయారు. చెప్పులు ఒకే గుమ్మం దగ్గర ఉన్నాయి కాబట్టి కుమారస్వామి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అప్పటిదాకా సిద్దిరాములు ఆటోలో ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఇందిరమ్మ ఆటో ఎక్కలేదు. నడిచి వస్తానంది. హన్మకొండ నుంచి కొత్తవాడకు ఆ వయసులో నడిచే వచ్చింది.

కేటలాగు అచ్చయింది. విడుదల సభకు రమ్మని షారోన్ ఇద్దరికీ కార్డులు పంపింది. సిద్దిరాములు పోనన్నాడు. "అడ్డమైన మాటలు మాట్లాడి పేరు పోగొట్టుకున్నవ్. అది ఎట్ల పోయిందో వచ్చి కండ్లతోని సూడు," అని ఇందిరమ్మ బయలుదేరదీసింది. హాలు నిండా జనం. ఆయన ఈ చివర కూర్చున్నాడు. ఆ చివర కుమారస్వామి తల కనిపించింది. ఇందిరమ్మ ఎవరి పక్కనా కూర్చోకుండా నడిమి వరసలో కూర్చుంది.

చేతికిచ్చిన పుస్తకంలో సిద్దిరాములు ఆ పేజీ వెతికి తీశాడు. ఎర్ర చారలు, నీలం చారలు, తెల్ల పూలు. 'నేసినవారు: తెలియదు.' కింద ఆ చివరి వాక్యం మాత్రం అట్లాగే ఉంది. ఒకే చేతి పని. ఆయన బొటనవేలు దానంతట అదే ఫొటోలో నీలం చారల మీదికి పోయి నొక్కింది. కాగితం నున్నగా ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది, దాన్ని దగ్గు కింద మార్చుకున్నాడు.

వేదిక మీద ముఖ్య అతిథి కూడా అదే పేజీ తెరిచాడు. "ఎంత గొప్ప పని ఇది! చేసిన మనిషి ఎవరో చరిత్ర రాసిపెట్టుకోలేదు. పేరు కూడా మిగలకుండా పోయిన ఆ మహానుభావుడి స్మృతికి మనమంతా లేచి ఒక నిమిషం మౌనం పాటిద్దాం" అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. హాలంతా లేచింది. నలుగురితో పాటు సిద్దిరాములు కూడా లేవక తప్పలేదు. తలలు వంచిన జనం మీదుగా చూస్తే, ఆ చివర తల వంచని మనిషి ఇంకొకడు కనిపించాడు. కుమారస్వామి తననే చూస్తున్నాడు.

అంత నిశ్శబ్దం మళ్లీ దొరకదు. గుసగుసగా అన్నా ఆ గోడ దాకా వినిపిస్తుంది. ఇద్దరం. సిద్దిరాములు నోరు తెరిచాడు. వాడే ముందు అనవచ్చు కదా, అనుకున్నాడు. నోరు మూసుకున్నాడు.

నడిమి వరసలో ఇందిరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కనున్న అమ్మాయి ఆమె భుజం తట్టి, లేవమని సైగ చేసింది.

"సచ్చినోళ్లకైతే నిలబడుదు బిడ్డా," అంది ఇందిరమ్మ. గొంతు తగ్గించలేదు. హాలంతా వినబడింది. "ఒకడు నా మొగడు, ఒకడు నా తమ్ముడు. గా మూలకొకడు, గీ మూలకొకడు నిలబడి ఆళ్లకు ఆళ్లే మౌనం పాటిస్తాండ్రు. నేనెందుకు లేవాలె?"

తలలు ఇటు తిరిగాయి, అటు తిరిగాయి. వేదిక మీద షారోన్ ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. ముఖ్య అతిథి ఏం చేయాలో తోచక, "ధన్యవాదాలు, కూర్చోండి" అన్నాడు. అందరూ కూర్చున్నారు. వాళ్లిద్దరే మిగిలారు, హాలుకు చెరో చివర, ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుంటూ. ముందు కూర్చున్నవాడు ఓడిపోయినట్టు కదా, అందుకని ఇద్దరూ నిలబడే ఉన్నారు.